ఐదో మొగ దగ్గర ఆగిన యాత్ర

మొన్న మధ్యాహ్నం మినప వడియాలు ఎండలో పెట్టి, కాకులు వాలకుండా కర్ర పట్టుకుని మెట్ల మీద కూర్చున్న వేళకు మా మనవరాలు ఫోను చేసింది. మనిషి బొమ్మ కనిపించే ఫోను. ఎక్కడున్నావే అంటే మాట చెప్పకుండా ఫోను అటు తిప్పింది. ఒకటే నీళ్ళు, నీలంగా, ఎండకు కళ్ళు మూతపడేలా. తనూ, భర్తా పెద్ద ఓడెక్కి, పగలు ఒక దీవిలో దిగి తిరిగి, చీకటి పడేసరికి మళ్ళీ ఓడెక్కి, తెల్లారేసరికి ఇంకో దీవికి చేరుతున్నారట. ఆ దీవుల పేర్లు చెప్పింది గానీ నాకు నోరు తిరగలేదు. ఓడలో ఎప్పుడు కావాలంటే అప్పుడు తిండట, తినగలిగినంతట. తినలేనిది ఏం చేస్తారని అడిగాను. పారేస్తారంది. నాకు ఒళ్ళు మండింది.

“అంత దూరం ఎందుకెళ్ళారే? మొక్కేమన్నా ఉందా?” అన్నాను.

“మొక్కేంటి అమ్మమ్మా, ఊరికే, చూడ్డానికి,” అని నవ్వి, భర్త పిలిస్తే ఫోను పెట్టేసింది.

వడియాలు ఎండుతున్నాయి, కాకులు తిరుగుతున్నాయి, నా మనసు మాత్రం ఎప్పటిదో ఒక నాటుపడవ మీదికి పోయింది. మొగుడూ పెళ్ళాలం పడవెక్కి, లంక తర్వాత లంక దాటుతూ సముద్రం దాకా వెళ్ళినవాళ్ళమే మేమూనూ. అయితే మాది చూడ్డానికి వెళ్ళిన వెళ్ళడం కాదు. నా ఈడు వాళ్ళకు సప్తసాగర యాత్ర అంటే వేరే చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ళ కోసం ఒక్క ముక్క: మన గోదావరి ఏడు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుందని పెద్దల మాట, ఆ కలిసే చోటును మొగ అంటాం. సంతానం లేని దంపతులు చొల్లంగి అమావాస్యనాడు మొదటి మొగలో మునిగి, ఒక్కొక్క మొగా మునుగుకుంటూ, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరి ఏడో స్నానం చేస్తే కడుపు పండుతుందని నమ్మకం. మునిగేటప్పుడు మగవాడి కండువాకూ ఆడదాని కొంగుకూ ముడి వేస్తారు. మూడు మునకలు అయ్యేదాకా ఆ ముడి ఊడకూడదు. ఒక్క మొగ తప్పినా, ఒక్కచోట ముడి ఊడినా ఫలం పోయినట్టే.

మేమప్పుడు రామచంద్రపురంలో ఉండేవాళ్ళం. మా ఆయన బియ్యం మిల్లులో గుమాస్తా. నాది మూడో తరగతి చదువు, మా పుట్టిల్లు గోదావరి మధ్య లంకలో. పెళ్ళయి చాలా ఏళ్ళయినా నాకు నెల తప్పలేదు. చెట్లకు కట్టిన ఊయలలు, తాగిన పసరు మందులు ఇప్పుడు తలుచుకుంటే నోరు చేదెక్కుతుంది. మా అత్తగారు చెడ్డ మనిషి కాదు, కానీ అనుకున్నది అయ్యేదాకా నిద్రపోని మనిషి. ఆవిడ పిఠాపురంలో ఒక పిల్లను చూసి ఉంచారు. ఆ పిల్ల తండ్రి మా ఇంటికొచ్చి కాఫీ తాగి కూడా వెళ్ళాడు. ఆ కాఫీ కలిపి ఇచ్చింది నేనే. ఎవరో తెలియక రెండోసారి కావాలా అని కూడా అడిగాను. ఆయన వెళ్ళాక అత్తగారు దాపరికం లేకుండానే చెప్పారు, ఈ యాత్ర ఒక్కటి చేసి రండి, ఏడాది చూస్తాను, అప్పటికీ ఏమీ లేకపోతే ఆ సంబంధం చేస్తాను, తర్వాత నన్నెవరూ అనడానికి ఉండదు అని.

మా ఆయన అక్కడే కూర్చుని అన్నం తింటున్నారు. అవుననలేదు, కాదనలేదు. మజ్జిగ పోయమన్నారు. నేను పోశాను.

అప్పటి నుంచి నాకు ఒకటే దిగులు. పిల్లలు పుడతారా లేదా అన్నది కూడా కాదు. ఈ మనిషి, తల్లి మాట కాదనని ఈ మనిషి, రేపు ఆ పిల్ల మెడలో తాళి కట్టమంటే కడతాడా? అడుగుదామంటే అప్పట్లో అలా అడిగే అలవాటు మాకు లేదు. పైగా ఆయనకు చిన్నప్పుడు జలగండం ఉందని ఎవరో జాతకం చూసి చెబితే, అత్తగారు కాలవ గట్టు కూడా ఎక్కనివ్వకుండా పెంచారు. గోదావరి జిల్లాలో పుట్టి ఈత రాని మగవాడు ఆయనొక్కరే అనుకుంటాను. అలాంటి కొడుకును మనవడి కోసం ఏడు సముద్రాల్లో మునగమని పంపుతున్నారంటే ఆవిడ పట్టుదల ఎంతటిదో చూడండి. మాకు తోడుగా తన చెల్లెల్ని కూడా పంపారు. ఆవిడను నేను చిన్నత్తయ్య అనేదాన్ని. మొగుడు పోయి చాన్నాళ్ళయిన మనిషి, నోరు కత్తి. ప్రతి మునకా సరిగ్గా అయిందో లేదో చూసి అక్కగారికి చెప్పడం ఆవిడ పని.

చొల్లంగిలో జనం మధ్య మునిగాం. కోరంగిలో మునిగాం. అక్కడి నుంచి పడవలో బయలుదేరాం. ఆ పడవలో అందరూ మాలాంటి దంపతులే. నాకు బాగా గుర్తుండిపోయింది ఒకటుంది. బస్సెక్కినా, పేరంటానికి వెళ్ళినా, చేపల బుట్ట దించిన మనిషైనా నన్ను మొదట అడిగేది పిల్లలెంతమంది అనే. ఆ పడవలో ఎవరూ ఎవర్నీ ఆ మాట అడగలేదు. ఆడవాళ్ళం అటుకులు, బెల్లం ముక్కలు ఒకరికొకరం పెట్టుకుంటూ, మడ అడవుల మధ్య సన్నటి పాయల్లో పోతూ, కొంగల్ని చూస్తూ కూర్చున్నాం. నేను ఇంటి నుంచి దబ్బకాయ ఊరగాయ జాడీ తెచ్చాను, దారిలో కొనుక్కు తినడం దండగని. మా ఆయన పడవ అంచుకు దూరంగా, మధ్యలో కర్ర పట్టుకుని కూర్చునేవారు. ప్రతి మొగ దగ్గరా ఆయన ముఖం తెల్లబడేది, అయినా దిగేవారు. నేను ఆయన పక్కన మునుగుతూ దేవుణ్ణి బిడ్డ కోసం అడగాల్సింది పోయి, పిఠాపురం సంబంధం తప్పించమని అడిగేదాన్ని. మునక మునకకూ అదే.

ఐదో మొగకు చేరేసరికి ఆలస్యమైంది. దారిలో పడవ ఒండ్రులో దిగబడి, మళ్ళీ నీళ్ళు పెరిగేదాకా కదల్లేదు. తీరా చేరేసరికి పోటు అయిపోయి పాటు మొదలైంది, అంటే నీళ్ళు సముద్రం వైపు వెనక్కి తీస్తున్నాయి. పైకి చూస్తే నీరు నిదానంగా ఉంది, కానీ కొట్టుకుపోతున్న మట్టలు, ఆకులు చూస్తే అవి పరుగెడుతున్నాయి. లంకలో పుట్టినదాన్ని, నాకు అర్థమైంది. పడవ నడిపే ఆయన కూడా అందరికీ చెప్పాడు.

“ఇప్పుడు లోపలికి దిగకండమ్మా, లాగేస్తాదండి. గట్టునే కూర్చుని చెంబుతో పోసేసుకోండి. దేవుడేం అనుకోడండి.”

“దేవుడేం అనుకుంటాడో నీకు చెప్పి పంపాడేంటి?” అంది మా చిన్నత్తయ్య. “చెంబు స్నానానికైతే మా ఇంట్లో నుయ్యి లేదా? మూడు మునకలు మునగాలి, తల తడవాలి.”

మిగతా వాళ్ళు చెంబులు తీసుకున్నారు. పాటు బరువుగా లాగుతోంది, ఆగుదాం అని నేను చిన్నత్తయ్యతో అన్నాను. ఆవిడ నా ముఖం వైపు చూసి, ఆగితే తిథి ఆగుతుందా, నీకే అక్కర లేకపోతే చెప్పు, ఇంటికి పోదాం అంది. నేను కొంగు సర్దుకుని లేచాను. మా ఆయన కండువా మెడలో వేసుకుని ముందుకు నడిచారు. చిన్నత్తయ్య ముడిని తడిపి, రెండు పేటలుగా బిగించింది, ఊడిందన్న మాట రాకూడదని.

నడుము లోతులో మొదటి మునక బాగానే అయింది. రెండో మునకలో కాళ్ళ కింద ఇసుక కదులుతున్నట్టు అనిపించింది. మూడోసారి తల పైకెత్తేసరికి పక్కన ఆయన లేరు. కొంగు ఒక్కసారిగా బిగిసి నన్ను ముందుకు లాగేసింది. కాస్త అవతల ఆయన తల తేలింది, మునిగింది. మెడలో కండువా మెలిపడి ఉంది, దాని కొస నా కొంగుకు ముడిపడి ఉంది. ఆయన మునిగినప్పుడల్లా నేను ఇంకో అడుగు లోతుకు జారుతున్నాను. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంది. కాలువలో ఎదురీదిన కాళ్ళు అవి, కానీ కింద ఇసుక నిలిస్తే గదా.

అప్పుడు ఆయన నన్ను చూశారు. మునిగిపోయే మనిషి చేతికందింది పట్టుకుంటాడు, గడ్డిపోచైనా పట్టుకుంటాడు. ఆయన రెండు చేతులూ మెడ దగ్గరికి పోయాయి. కండువా తల మీదుగా తీసేసి, నా వైపు విసిరేశారు. నా మీద లాగుడు ఒక్కసారిగా ఆగిపోయింది. నేను నిలబడ్డాను. ఆయన వెనక్కి పోతున్నారు.

గట్టు మీద చిన్నత్తయ్య కేకలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. నేను కాళ్ళకు చుట్టుకున్న కుచ్చిళ్ళు పైకి లాగి దోపుకుని ఈదాను. కొంగుకు వేలాడుతున్న ఆ కండువానే చేతికి చుట్టుకుని, దాని కొస ఆయన వైపు వేశాను. రెండోసారికి అందుకున్నారు. ఇద్దరం కలిసి కొట్టుకుపోతుంటే పడవ నడిపే ఆయన పడవను అడ్డంగా తెచ్చి పొడవాటి గెడకర్ర చాపాడు. ఆ గెడ పట్టుకున్న చోట నా అరచేయి చీరుకుపోయింది. నొప్పి మర్నాటి దాకా తెలియలేదు.

గట్టున పడుకోబెడితే ఆయన నీళ్ళు కక్కారు. చిన్నత్తయ్య ఏడుస్తూ ఆయన వీపు మీద కొడుతూ, తల తుడుస్తూ, మళ్ళీ కొడుతూ కాసేపు పిచ్చిదైపోయింది. కాస్త ఊపిరి కుదుటపడ్డాక నా కొంగు పట్టుకుని ముడి చూసింది.

“ముడి ఊడలేదురా. అలాగే ఉంది చూడు. మళ్ళీ మెడలో వేసుకుని ఇక్కడే ఒడ్డున మూడు మునకలు మునిగేస్తే చెల్లుతుంది.”

“దాన్ని నేనే వదిలేశాను పిన్నీ.”

“ఎందుకు వదిలేశావురా అసలు?”

“పట్టుకుంటే అది కూడా వచ్చేసేది,” అన్నారు. అది అంటే నేను.

చిన్నత్తయ్య తగ్గలేదు. ఇంత దూరం వచ్చి, నాలుగు మొగలు మునిగి, ఇక్కడ ఆపితే మీ అమ్మకేం చెప్పమంటావు అంది. ఆయన లేచి కూర్చుని, ఇసుక దులుపుకుంటూ, మిల్లులో బస్తాల లెక్క చెప్పినంత నిదానంగా చెప్పారు. “ఇంక నేను మునగను. అమ్మకి నేను చెప్తాను. ఆ పిఠాపురం వాళ్ళని పిల్లకి వేరే సంబంధం చూసుకోమని కబురు చేద్దాం. వాళ్ళని ఆపి ఉంచడం తప్పు.”

నేను వినీ విననట్టు చీర పిండుకుంటూ నిలబడ్డాను. పిండిన చీరనే మళ్ళీ పిండాను. ఆ రాత్రి చిన్నత్తయ్య మాకు దూరంగా కూర్చుని ఉత్త అటుకులు తింది. మర్నాడు పొద్దున మాత్రం ఊరగాయ జాడీ ఇలా ఇవ్వమంది.

పడవ మా ఇద్దరి కోసం వెనక్కి తిరగదు గనక మిగతా మొగలకూ వెళ్ళాం. అందరూ మునుగుతుంటే మేమిద్దరం ఇసుక మీద కూర్చునేవాళ్ళం. ఎర్రటి పీతలు బొరియల్లోంచి వచ్చి పరుగెడుతుంటే ఆయన చిన్నపిల్లాడిలా చూసేవారు. మడ చెట్టు వేళ్ళు నేలలోంచి పైకి ఎందుకొస్తాయని నన్ను అడిగారు. నాకు తెలియదన్నాను. అంతకు ముందు నన్ను ఏదైనా అడిగినట్టు నాకు గుర్తులేదు. అంతర్వేది తీర్థంలో నాకని జీళ్ళు కొన్నారు. ఇంట్లో బెల్లం ఉండగా ఈ దండగేంటని కోప్పడ్డాను. కోప్పడుతూనే తిన్నాను.

ఇంటికి రాగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా, వీధి గుమ్మంలోనే నిలబడి తల్లికి చెప్పేశారు. అత్తగారు చాలాకాలం నాతో ముభావంగానే ఉన్నారు. పిఠాపురం పిల్లకు మరోచోట పెళ్ళయింది, సుఖంగా ఉందని విన్నాను. మాకు పిల్లలు పుట్టలేదు. యాత్ర సగంలో ఆపినందుకే అని ఊరంతా అంది. అబద్ధం ఎందుకు, నాకూ ఒక్కోసారి అలాగే అనిపించేది. మా మరిది ఆఖరి కూతుర్ని తెచ్చుకుని పెంచాం. ఓడెక్కి తిరుగుతున్న ఈ మనవరాలు ఆ పిల్ల కూతురే. మంచాన పడ్డాక అత్తగారికి అన్నం కలిపి పెట్టింది నేనే. ఆవిడ కూడా చివరికి ఇంకెవరి చేతి ముద్దా తినేవారు కాదు.

ఇప్పుడు ఆ యాత్రకు పడవలు పెద్దగా అక్కర్లేదు. ఎక్కడికక్కడ వంతెనలు పడ్డాయి, కార్లలో వచ్చి నెత్తిన నీళ్ళు చల్లుకుని పోతున్నారు. మేం మునిగిన ఇసుక గట్టు కూడా ఇప్పుడు లేదట, సముద్రం తినేసిందని ఆ వైపు నుంచి వచ్చిన వాళ్ళు చెప్పారు. పిల్లలు లేకపోతే ఇప్పుడు ఆసుపత్రికి ఇద్దర్నీ రమ్మంటున్నారు, ఇద్దరికీ పరీక్షలు చేస్తున్నారు. మా కాలంలో మగవాణ్ణి పరీక్ష చేయొచ్చన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. లోపం నాదే అని నేను కూడా అడక్కుండానే ఒప్పేసుకున్నాను.

ఇప్పటి మొగుడూ పెళ్ళాలు అన్నీ మాట్లాడేసుకుంటారు. నీకిది కావాలా, నీకది బాధగా ఉందా అని నా ముందే ఒకరినొకరు అడుగుతారు. మొదట్లో సిగ్గులేని పిల్లలు అనుకునేదాన్ని. నాకు కావలసిన ఒక్క జవాబు ఆ మొగ దగ్గర దొరికేసింది, అది చాలని బతికేశాను. తన బిడ్డను ఎత్తుకోవాలని ఆయనకు ఎంత ఉండేదో, మరిది పిల్లలు మా ఇంటి నుంచి వెళ్ళిపోయిన సాయంత్రాలు ఆయన దొడ్లోకి వెళ్ళి అంతసేపు ఏం చేసేవారో నేనెన్నడూ అడగలేదు. అడగడం తప్పు కాదని తెలిసే రోజులు వచ్చాయి గానీ, అప్పటికి ఆయన లేరు.