పన్నెండు నిమిషాల ఇంజను

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద ఒక పడవ ఇంజనుకి దక్కేది. రేవు నుంచి మోసుకొచ్చాక దాన్ని ఆరుబయట వదిలేవారు కాదు. లోపల వడ్ల బస్తాల పక్కన గోనెపట్టా పరిచి నిలబెట్టేవారు. మా నాయన ఎంత అలసి వచ్చినా, తన కాళ్లు కడుక్కోకముందే మంచినీళ్లతో దాని ఉప్పు కడిగేవాడు.

మేముండేది సముద్రం నడుమ ఒక దీవిలో, డ్రెకేటి నది ఒడ్డున, వరి పండించే చోట. ఆ దీవుల దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లో మూడేళ్లో అయింది. లంబాసా పట్నంలో ఆసుపత్రికి వెళ్లాలంటే పడవలో నది వెంట చాలా దూరం పోయి, అవతలి గట్టున బస్సు ఎక్కాలి. నాకు ఏడేళ్లప్పుడు అమ్మకు నొప్పులు మొదలైతే నాయన, మరో ఇద్దరు పొరుగువాళ్లు తెడ్లు వేసుకుంటూ బయలుదేరారు. పోటు ఎదురైంది. కాన్పు పడవలోనే అయింది. నా తమ్ముడు గట్టు చేరలేదు. ఆ తరువాతి పంట చేతికి రాగానే నాయన ఈ ఇంజను కొన్నాడు. తమ్ముడి సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఇంజను మాత్రం రోజూ కడిగేవారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. ఈసారి నొప్పుల దాకా ఆగవద్దని, వారం లోపల లంబాసా చేరిపోవాలని నర్సు గట్టిగా చెప్పి వెళ్లింది. సరిగ్గా ఆ వారంలోనే ఇంజను మొరాయించింది. రేవులో ఉండే ఇంకొక ఇంజను పడవ చేపలకని సముద్రం మీదికి పోయి ఉంది.

మా ఇంజను అసలు కదలకపోతే అందరం తెడ్లు పట్టుకుని ఉండేవాళ్లం. అది కదిలేది. చక్కగా, ఏ రోగమూ లేనట్టు కాసేపు పరుగెత్తి, తరువాత దగ్గి, ఊపిరాడనట్టు కొట్టుకుని ఆగిపోయేది. నాయన ప్లగ్గు మార్చాడు. బాగైందనుకున్నాం, నది మలుపు దాకా వెళ్లి ఆగింది. కార్బొరేటరు విప్పి కడిగాడు. మళ్లీ బాగైంది, మళ్లీ ఆగింది. పెట్రోలు, నూనె కొత్తగా కలిపాడు. అదీ అంతే. చేసిన ప్రతి మరమ్మతూ పనిచేసినట్టే కనిపించడం మమ్మల్ని మరీ నలిపేసింది. నాలుగు రోజులు తాడు లాగి లాగి నాయన అరచేతులు పగిలిపోయాయి. అన్నం ముద్ద కలుపుకుంటే మంటెత్తి చెయ్యి విదిలించుకునేవాడు. అమ్మ గట్టు మీద కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని చూసేది.

బస్సు డ్రైవరు చేత కబురు పంపితే శనివారం ఉదయం మా మామ వచ్చాడు. అమ్మకు తమ్ముడు. లంబాసాలో ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పని. తెల్లవారకముందు బయలుదేరిన మనిషి, కళ్లు ఎర్రగా, చొక్కా నిండా దుమ్ము. పనిముట్ల సంచి దించి, రేవులో పరిచి ఉన్న మరలన్నీ ఒకసారి చూశాడు.

"బావా, దీనికి బోలెడు మందులు పోసినావు గానీ రోగం ఏందని అడిగినావా?"

"నువ్వడుగు. నీ మాటైతే వింటదేమో. నేను నాలుగు దినాలుగా దండం పెడతానే ఉన్నా."

"అయితే ఇంక దాన్ని ఎవరూ ముట్టొద్దు. ముందు చాయ్ ఇయ్యండి."

"చాయ్ తాగితే ఇంజన్ బాగయితదా?" అంది మా అవ్వ, నాయన తల్లి.

"ఇంజన్ కాదత్తా, నేను బాగయితా. ఆ బస్సులో ఎముకలన్నీ కదిలినాయ్."

చాయ్ తాగి, నా బడి సంచిలోంచి ఒక నోటుబుక్కు తీయించాడు. తన చేతి గడియారం విప్పి నా ముందు పెట్టాడు. విప్పినవన్నీ బిగించి, పడవను రేవుకి గట్టిగా కట్టి ఇంజను నడిపిస్తామని, ఎవరు ఏం చేసినా, అది ఏం చేసినా, గంట, నిమిషంతో సహా రాయాలని చెప్పాడు. తెలుగులో నాకు వచ్చింది సాయంత్రాలు గుడిలో నేర్చుకున్న అక్షరాలే. వాటితోనే రాశాను.

మొదటిసారి పన్నెండు నిమిషాలు నడిచి ఆగింది. నాయన అలవాటుగా పెట్రోలు డబ్బా మూత తీసి లోపలికి చూశాడు. సగం పైన ఉంది. మూత బిగించి తాడు లాగాడు. ఒక్క గుంజుకే అందుకుంది.

"రాసినావా?" అన్నాడు మామ నాతో. "మూత తీసినాడు, చూసినాడు, మూసినాడు. అన్నీ రాయి."

"మూత తీసేది కూడా పనేనా?" నాయన విసుక్కున్నాడు.

"చేసిందంతా రాయాల బావా. ఏది లెక్కలోకొచ్చేదో ముందే తెలిస్తే మా అక్క ఈపాటికి లంబాసాలో ఉండేది."

రెండోసారి కూడా పన్నెండు నిమిషాలే. ఈసారి మామ నాయన చెయ్యి పట్టుకుని మూత తీయనివ్వలేదు. మొదటిసారి ఆగినంతసేపే ఆగి తాడు లాగమన్నాడు. పది గుంజులు గుంజినా ఇంజను పలకలేదు. డబ్బా నుంచి ఇంజనుకి పోయే గొట్టం మధ్యలో పెట్రోలు పంపడానికి ఒక రబ్బరు బుడ్డ ఉంటుంది. మామ దాన్ని పైకెత్తి చూపించాడు. రసం పీల్చేసిన మామిడిపండులా అణిగిపోయి ఉంది. అప్పుడు మూత వదులు చేశాడు. లోపలికి గాలి ఈడ్చుకున్న చప్పుడు గట్టు మీది అమ్మకు కూడా వినపడింది. రబ్బరు బుడ్డ మెల్లగా ఉబ్బింది. తాడు లాగితే ఇంజను అందుకుంది.

మామ దాన్ని ఆపి, డబ్బాలోంచి పెట్రోలు పోయేకొద్దీ ఆ చోటికి గాలి రావాలని, దానికోసమే మూత మధ్యలో సన్నటి రంధ్రం పెడతారని చెప్పాడు. గాలి రాకపోతే పెట్రోలు బయటికి రాదు. మూత తీసినప్పుడల్లా గాలి చేరేది, పన్నెండు నిమిషాలకి సరిపోయేది. నాయన బాగుచేశాననుకున్న ప్రతిసారీ నిజంగా పనిచేసింది మూత తీసి చూడటమే.

"ఇది చెడకముందు దీనికి ఏం చేసినారు?"

"ఏం చెయ్యలే. ఆయుధపూజ చేసినాం, అంతే," అన్నాడు నాయన.

"అదీ రాయమ్మా."

నేను రాయకుండా మూత వైపు చూశాను. మూత పైన పచ్చగా ఎండిన పెద్ద బొట్టు, మధ్యలో కుంకుమ. వారం నుంచి అందరం దాన్ని చూస్తూనే ఉన్నాం. దేవుడికి చేసింది గనుక ఇంజనుకి చేసినట్టు ఎవరికీ తోచలేదు. మామ వేలి గోటితో గీకాడు. ఊడలేదు.

అవ్వ ముఖం వాడిపోయింది. "నేను పెట్టింది పసుపు నీళ్లే. అది గట్టిపడదే..." అని తన చేతులు తానే చూసుకుంది.

అవ్వ చెప్పింది నిజమే. ఆవిడ పెట్టిన పసుపు జిడ్డు మీద నిలవక జారిపోయింది. ఆవిడ లోపలికి వెళ్లాక నేను పసుపులో మైదా పిండి పిసికి, ముద్ద చేసి, మూత మధ్య గుంట చక్కగా నుదుటిలా కనిపిస్తే అందులో అదిమాను. మంచి బొట్టు పెడితే ఇంజను అమ్మను బాగా చూసుకుంటుందని నా నమ్మకం. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. నోరు విప్పకపోతే తప్పు అవ్వ మీదే ఉండిపోతుంది. పుస్తకంలో రాశాను. మామ నా భుజం మీదుగా చదివాడు.

"చదువు," అన్నాడు. "మీ నాయనకి చదువు రాదు గదా."

చదివాను. "పూజ రోజు మూత మీద మైదా కలిపిన పసుపు పెట్టింది నేను. అవ్వ కాదు."

నాయన తన అరచేతులు చూసుకున్నాడు. కోపగించుకుంటాడనుకున్నాను. కోపానికి కూడా ఆయనలో ఏమీ మిగల్లేదు. పడవ అంచున కూర్చుని తల వంచుకున్నాడు. అమ్మే మాట్లాడింది.

"నది నడుమ గాదు, గట్టు మీదనే తెలిసింది గదా. చాలు."

జడలోంచి పిన్ను తీసి నా చేతికిచ్చింది. రంధ్రంలోంచి పిండి పొడి పొడిగా రాల్చింది నేనే. మామ సాయం చేయలేదు, ఎవరినీ చేయనివ్వలేదు. తరువాత ఇంజను గంటన్నర ఆగకుండా నడిచింది. ఆపింది నాయనే. మామ పడవలోనే నిద్రపోయాడు. మరునాడు నీరు వెనక్కి తీసే పాటుకి అమ్మను తీసుకెళ్లారు. అయిదో రోజున లంబాసాలో నా చెల్లెలు పుట్టింది.

ఆ నోటుబుక్కులో మిగిలిన పేజీల్లో నేను రోజూ రాయడం మొదలుపెట్టాను. అవి అయిపోయాక ఇంకొకటి. రాజధాని సువాలో ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, మా ఆయన జబ్బు, నా పదవీ విరమణ, ఏదీ రాయకుండా వదల్లేదు. రాయడం నాకు తీరిక పని కాదు, ఇష్టమని కూడా చెప్పలేను. ఇంట్లో ఏదైనా చెడినప్పుడు, మాటలు ఆగిపోయినప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు, పేజీ పైన ముందుగా నేను చేసినవి రాస్తాను. ప్రేమతో చేసినవి, మంచికని చేసినవి, చేసినట్టు లెక్కలోకే రానివి కూడా. అవి గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఈ వయసులో మరీ ఎక్కువ పడుతోంది. ఎదుటివాళ్లు చేసినవి రాయడానికి కింద సగం పేజీ వదిలేస్తాను. చాలా రోజులు అది ఖాళీగానే ఉండిపోతుంది.