అదే ఓడలో రెండోసారి

మాది శబరి నది ఒడ్డున కొంటాలో సిమెంటు దుకాణం. వానలు మొదలైతే మాకు పని ఉండదు. స్లాబులు పోసేవాళ్లు ఉండరు, గోడలు లేపేవాళ్లు ఉండరు. అందుకేనేమో, కంపెనీవాళ్లు డీలర్లకు బహుమానంగా ఇచ్చే ప్రయాణాన్ని సరిగ్గా వానాకాలంలోనే పెట్టారు. విశాఖపట్నంలో పెద్ద ఓడ ఎక్కాలి, సముద్రం మీద చెన్నై వెళ్లాలి, అదే ఓడలో తిరిగి రావాలి. తిండి, పడక, ఆటాపాటా అన్నీ ఓడలోనే.

మేం బయల్దేరేముందు భోపాలపట్నం నుంచి మా ఆయన స్నేహితుడు ఫోన్ చేశాడు. ఆయనదీ సిమెంటు వ్యాపారమే. ఆయన వంతు మా తర్వాతి విడతలో వచ్చింది గానీ, భార్యకు ఆపరేషన్ ఉండటంతో వెళ్లలేకపోతున్నాడు. "మా బదులు మీరే పోండి. కంపెనీతో నేను మాట్లాడిన" అన్నాడు. అంటే ఓడ విశాఖపట్నం రాగానే మేం ఇంటికి రాకుండా, మళ్లీ అదే ఓడలో బయల్దేరాలన్నమాట.

నాకు మనసొప్పలేదు. ఇంట్లో మా అత్తగారు ఒక్కరే ఉంటారు. ఆమెకు డెబ్బై దాటాయి. కానీ ఆ మాట విని ముందు కోపం తెచ్చుకున్నది ఆమే.

"నేనేమన్న చంటిపిల్లనా? నాకు బర్రె ఉన్నది, టీవీ ఉన్నది. రెండుసార్లు గాకపోతే నాలుగుసార్లు పోండ్రి. మళ్ల ఎవలు పిలుస్తరు మిమ్ముల్ని ఓడ మీదికి?"

మా ఇంటి వెనక వాటాలో అంగన్‌వాడీలో పనిచేసే ఒక దోర్లా తెగ అమ్మాయి అద్దెకు ఉంటుంది. తన వాళ్లతో దోర్లీ, ఆఫీసులో హిందీ, మాతో తెలుగు మాట్లాడుతుంది. "నేనున్న గదా అక్కా, అమ్మమ్మను చూసుకుంట" అంది. ఆ ధైర్యంతో బయల్దేరాం.

మొదటి ప్రయాణం గురించి చెప్పాలంటే, మేం పిల్లలమైపోయాం. ఓడలో లిఫ్టు ఎక్కడం, దారితప్పి వంటశాల ముందు తేలడం, ఎన్నిసార్లయినా పెట్టే అన్నం, కూరలు, మిఠాయిలు. మొదటిరోజు కడుపులో తిప్పింది, తర్వాత సర్దుకుంది. సాయంత్రం పెద్ద హాల్లో ఆటలు ఆడించే అతను మా ఆయన చేయి పట్టుకుని వేదిక మీదికి లాగాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఊరేగింపుల్లో కూడా చేయి ఊపని మనిషి, ఆ రోజు బెల్టు పైకి లాక్కుని నాలుగు అడుగులు వేశాడు. నేను నవ్వలేక చచ్చాను.

ఓడ విశాఖపట్నం వచ్చింది. అందరూ పెట్టెలు ఈడ్చుకుంటూ దిగిపోయారు. మాలాగా ఉండిపోయే కొద్దిమందిని ఒక గదిలో కూర్చోబెట్టి, పాత కార్డులు తీసుకుని కొత్తవి ఇచ్చారు. తర్వాత మళ్లీ పైకి వెళ్లమన్నారు. ఓడ ఖాళీగా ఉంది. వరండాల నిండా విప్పిపడేసిన దుప్పట్ల కుప్పలు, ఎక్కడో వాక్యూం మిషన్ చప్పుడు. పెళ్లివారు వెళ్లిపోయిన మర్నాటి విడిది ఇల్లులా అనిపించింది. ఇంటికి ఫోన్ చేశాను.

"వాన పడుతున్నది. వానకాలం వాన పడక ఎండ కొడ్తదా?" అంది మా అత్త. "బర్రె పాలు మంచిగ ఇస్తున్నది. నువ్వు ఫోను పెట్టి సముద్రం చూడు."

మధ్యాహ్నానికి కొత్త జనం ఎక్కారు. మా గది అదే, గది శుభ్రం చేసే అస్సాం అమ్మాయి కూడా ఆమే. నన్ను చూసి "దీదీ, మీరు దిగలేదా?" అని హిందీలో ఆశ్చర్యపోయింది. లైఫ్ జాకెట్లు వేసుకోవడం మళ్లీ నేర్పించారు. నాకు వచ్చు కాబట్టి పక్కనున్న ఒక పెద్దావిడకు నేనే బెల్టు బిగించాను. భోజనాల గది ఎటు అని అడిగినవాళ్లకు దారి చూపించాను. కొన్ని రోజుల ముందు మేం పడ్డ తికమకే వాళ్లు పడుతుంటే, మా ఓడకు చుట్టాలొచ్చినట్టు అనిపించింది.

అయితే రెండోసారి వెళ్లేవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. అన్నీ అవే. తొలిరోజు రాత్రి అదే పప్పు, అదే హల్వా. గారడీ అతను అదే జేబులోంచి అదే రుమాలు తీశాడు, అదే చోట తడబడినట్టు నటించాడు. పోయినసారి నిజంగానే తడబడ్డాడనుకుని అయ్యో అనుకున్నాను. ఈసారి చుట్టూ అందరూ అయ్యో అంటుంటే నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకున్నాం.

చెన్నైలో ఓడ ఆగినప్పుడు ఫోన్ బాగా పలికింది. శబరి నిండుగా పారుతోందని, భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతోందని అత్త చెప్పింది. అది మాకు ఏటా వినే మాటే. గోదావరి బాగా పెరిగితే శబరి నీళ్లు ముందుకు పోలేక వెనక్కి తన్నుతాయి. అప్పుడు కొంటాలోకి వరద వస్తుంది. ప్రవాహం ఉండదు, చప్పుడు ఉండదు. గిన్నెలో పాలు పొంగినట్టు ఊరికే పెరుగుతుంది. సాధారణంగా మా వీధి చివరి దాకా వచ్చి ఆగిపోతుంది.

చెన్నై దాటి ఒడ్డు కనపడకుండా పోయాక, ఓడలో ఇంటర్నెట్ పెట్టించుకున్న మా ఆయన ఫోన్ టింగుమంది. అంగన్‌వాడీ అమ్మాయి గొంతు.

"అక్కా, ఈసారి బాగ ఎగదన్నుతున్నది. నగర్ పంచాయత్ వాళ్లు మైకుల చెప్పిపోయిండ్రు. కింది వీధోళ్లంత స్కూలుకు పోతున్నరు. అమ్మమ్మ రానంటున్నది. జెర నువ్వు చెప్పు."

వెంటనే ఫోన్ చేశాం. పలకలేదు. మా ఆయన ఫోన్‌లోకి గట్టిగా మాట్లాడి పంపాడు. "అమ్మా, ఆమె చెప్పినట్టు విను. బర్రె సంగతి తర్వాత చూద్దం. స్కూలుకు పో." దాని పక్కన ఒక్క టిక్కు పడింది. రెండోది పడలేదు. ఆ ఒక్క టిక్కు వైపు చూస్తూ ఇద్దరం మంచం మీద కూర్చున్నాం.

చాలాసేపటికి అటునుంచి మా అత్త గొంతు వచ్చింది. మా మాటకు జవాబు కాదు, అంతకుముందెప్పుడో మాట్లాడింది.

"వీళ్లకేం పనిలేదు. బర్రెను ఇడిసిపెట్టి యాడికి పోవాలె? నీళ్లొస్తయి, పోతయి. నేను చూడని నీళ్లా ఏంది? మీరు మంచిగ తినుండ్రి, మంచిగ పండుకోండ్రి."

దాని వెనకే ఒక వీడియో. ఎవరో మేడ మీంచి తీశారు. మా వీధే. మా సిమెంటు గోదాము తలుపు సగం దాకా మునిగి ఉంది. నీళ్లు కదలడం లేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ నెమ్మదిగా తేలుతూ వెళ్తోంది. మా ఇల్లు ఆ వీడియోలో లేదు. చివరిదాకా చూసి, మళ్లీ మొదటినుంచి చూసి, మూలల్లో వెతికాం. కనపడలేదు.

మా ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. నేనూ వెంట వెళ్లాను. కింద రిసెప్షన్‌లో ఒక అమ్మాయి నవ్వుతూ పలకరించింది.

"మమ్మల్ని ఒడ్డున దించండి," అన్నాడు హిందీలో. "ఏ ఊరైనా ఫర్వాలేదు. ఇంట్లో వరద వచ్చింది. మా అమ్మ ఒక్కతే ఉంది."

"సార్, సముద్రం మధ్యలో ఉన్నాం కదా. విశాఖపట్నం చేరేదాకా ఎక్కడా ఆగదు."

"ఓడ పక్కన చిన్న పడవలు కట్టి ఉన్నాయి కదమ్మా?"

"అవి ఎమర్జెన్సీకి సార్."

"మాది ఎమర్జెన్సీ కాదా?"

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఒక గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, ఊళ్లో అధికారుల నంబరు ఉంటే చెప్పమంది. తహసీల్ ఆఫీసు నంబరు వెతికి ఇచ్చాం. ఆమె ఓడ ఫోన్ నుంచి ఎన్నిసార్లో కలిపింది. మోగుతూనే ఉంది. మా ఆయన కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. అతని వెనక స్విమ్మింగ్ పూల్ తువ్వాళ్ల కోసం జనం వరస కట్టారు.

ఆ తర్వాత ఏ కబురూ లేదు. కొంటాలో కరెంటు పోయి ఉంటుంది, ఫోన్లు ఆరిపోయి ఉంటాయి అనుకున్నాం. అంతకుమించి అనుకోవడానికి భయపడ్డాం. మా ఆయన ఫోన్ పైకెత్తి పట్టుకుని పై అంతస్తులో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాడు. కాసేపటికి నేను బలవంతంగా కిందికి తీసుకొచ్చాను. హాలు దాటుతుండగా ఆటలు ఆడించే అతను మా ఆయనను గుర్తుపట్టాడు.

"మా పాత హీరో వచ్చాడు!" అని మైకులో అరిచి, పరుగున వచ్చి చేయి పట్టుకున్నాడు. మా ఆయన వద్దంటూ తల ఊపాడు. సిగ్గుపడుతున్నాడనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. చేయి విడిపించుకోవడానికి కూడా ఒంట్లో శక్తి ఉండాలి కదా. అతను లాగినంత దూరం వెళ్లి వేదిక మీద నిలబడ్డాడు. పాట మొదలైంది. ఎడమ చేతిలో ఫోన్ అలాగే ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు ఊగుతుంటే, ఎవరో నెట్టినట్టు మా ఆయనా ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు వేశాడు. కళ్లు మాత్రం ఫోన్ మీదే. జనం నవ్వారు. నేను కుర్చీల మధ్యలోంచి వెళ్లి దించుకొచ్చేసరికి పాట అయిపోయింది. గదికి వచ్చాక ఆయన బాత్రూం తలుపు వేసుకుని కుళాయి తిప్పాడు. ఆ నీళ్ల చప్పుడు చాలాసేపు వినపడింది.

పొద్దున అస్సాం అమ్మాయి పక్క సర్దడానికి వచ్చి, ముట్టని పళ్లేలు చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. దుప్పటి చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

"మా ఊరూ అంతే దీదీ, బ్రహ్మపుత్ర ఒడ్డు. నేను ఓడలో ఉన్నప్పుడే మా నాన్న పోయారు. రేవు వచ్చేదాకా ఇవే పక్కలు వేశాను. ఇంకేం చేయను?"

టీ తెచ్చి ఇచ్చి, తాగేదాకా వెళ్లలేదు.

విశాఖపట్నంలో ఓడ దిగగానే జగదల్‌పూర్ రైలు పట్టుకున్నాం. అక్కడినుంచి బస్సు. సుక్మా దాటాక దోర్నాపాల్‌లో ఆపేశారు. ముందు రోడ్డు మీద నీళ్లున్నాయన్నారు. కొంటా నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని కనపడిన ప్రతి మనిషినీ అడిగాం. ఒకడు మా ఇల్లు పడిపోయిందన్నాడు, ఇంకొకడు పడలేదన్నాడు. చివరికి బియ్యం తీసుకెళ్తున్న ఒక ట్రాక్టర్ మీద బస్తాల మధ్య కూర్చుని ఊరు చేరాం.

స్కూలు వరండాలో గోడకు ఆనుకుని మా అత్త కూర్చుని ఉంది. ఎవరిదో చీర కట్టుకుంది. అంగన్‌వాడీ అమ్మాయి పక్కనే పిల్లలకు కిచిడీ వడ్డిస్తోంది. మా ఆయన వెళ్లి అమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నన్ను ఎత్తుకొచ్చింది ఈ పిల్ల," అంది అత్త. "నేను కొడుతున్న, తిడుతున్న, ఇనలేదు. నడుము మీద ఏసుకొని నీళ్లల్ల నడిచింది."

"బర్రె?" అన్నాను నేను, అడగకుండా ఉండలేక.

అత్త మొహం తిప్పేసుకుంది. ఆ అమ్మాయే చెప్పింది. "తాడు ఇప్పిన అక్కా. ఈదుకొని పోతదేమో అనుకున్న. కొద్దిసేపు మా ఎనకనే వచ్చింది. అమ్మమ్మ ఎనకకు చూసుకుంట పిలుస్తనే ఉన్నది. మలుపు తిరిగినంక మల్ల కనపడలే."

నీళ్లు తీశాక బర్రె కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాం. దొరకలేదు. ఇంటి వెనక గోడ ఒకటి పడిపోయింది, మిగతాది నిలిచింది. గోదాము తలుపు తెరిస్తే సిమెంటు బస్తాలు వరసగా పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఒక బస్తా మీద చేయి వేస్తే చల్లగా రాయి తగిలింది. అన్నీ బస్తా ఆకారంలోనే గట్టిపడిపోయాయి. గడ్డపారలతో పగలగొట్టించి బయటపడేయిస్తే, చుట్టుపక్కలవాళ్లు తీసుకెళ్లి గుమ్మాల ముందు మెట్లుగా వేసుకున్నారు. కుట్టు గుర్తులు వాటి మీద ఇప్పటికీ కనిపిస్తాయి.

మా అత్త ఆ తర్వాత కొన్నాళ్లు మాతో సరిగా మాట్లాడలేదు. మా మీద కోపం కాదు, ఆ అమ్మాయి మీద కూడా కాదు. సాయంత్రం పాలు పితికే వేళకు లేచి, రెండడుగులు వేసి, మళ్లీ కూర్చునేది. ఇంకో బర్రెను కొందామంటే వద్దంది.

చాలాకాలం నేను ఒకటే అనుకున్నాను. ఆ రోజు మేం ఓడలో కాక ఇంట్లో ఉండి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లం అని. బర్రెను ముందే మెరక మీదికి తోలేవాళ్లం, బస్తాలు లారీకెత్తేవాళ్లం అని. పోయిన వానల్లో మళ్లీ నీళ్లొచ్చాయి. ఈసారి ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. లారీ కోసం ఎన్ని ఫోన్లు చేసినా రోడ్డు తెగిందని ఎవరూ రాలేదు. సామాను మంచాల మీదికి, మంచాలు బల్లల మీదికి ఎక్కించాం. అత్తను ముందే స్కూలుకు పంపుదామంటే, మేం కదిలితేనే కదులుతానంది. ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. నీళ్లు వీధి మలుపు దగ్గర కనిపించాయి. చప్పుడు లేకుండా ఒక ఇంటి మెట్టు ఎక్కాయి, తర్వాత పక్కింటి మెట్టు. మా ఆయన ఎందుకో లేచి నిలబడ్డాడు, చేసేదేమీ లేక మళ్లీ కూర్చున్నాడు.

"ఈడికొస్తే లేద్దం," అంది అత్త, మా చివరి మెట్టు చూపించి.

ఆ మెట్టు వైపే చూస్తూ కూర్చున్నాం.