ఇంకొంచెం మావయ్య

తయారుచేసినవాడు ఏ వస్తువు మీదైనా "ఇంతవరకే" అని రాసి పంపితే, ఆ రాతను తనకు జరిగిన అవమానంగా తీసుకునే మనిషి మావయ్య. ఫ్యాను రెగ్యులేటరు మీద అయిదు అంకెలుంటే ఆరోది ఎక్కడ దాచారా అని వెతుకుతాడు. "ఇంకొంచెం లాగుతుంది" అన్నది ఆయన ఊతపదం. ఆ మాట చెవిన పడగానే ఇంట్లోవాళ్లు చేతిలో ఉన్నది కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తారు. మేనకోడలు చిన్నప్పుడే ఆయనకు 'ఇంకొంచెం మావయ్య' అని పేరు పెట్టేసింది. అది వీధంతా పాకిపోయి, ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలకడు.

ఒకసారి తన అక్క, అంటే మేనకోడలి అమ్మ, కుట్టుమిషనుకు పాత లిఫ్టు తలుపు మోటారు బిగించాడు. తొమ్మిదడుగుల కర్టెన్ అంచును ముప్పావు నిమిషంలో కుట్టేసింది. అంతవరకూ బాగానే ఉంది. దాన్ని ఆపడం ఎలాగో మాత్రం అక్కకీ తెలియదు, తమ్ముడికీ తెలియదు. కర్టెన్ అయిపోగానే మిషను టేబుల్ మీది గుడ్డ అందుకుంది. అదీ అయిపోగానే మావయ్య చొక్కా అందుకుంది.

"ఒరేయ్, వైరు పీకు!" అని అక్క అరిచింది.

"ఉండక్కా, ఎంత లాగుతుందో చూద్దాం!" అన్నాడు మావయ్య, చొక్కాతో పాటు తానూ ముందుకు పోతూ.

కాలింగ్ బెల్లు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన చెయ్యి పడ్డాక, అది మోగితే ఎదురింటివాళ్లూ పై అంతస్తువాళ్లూ కూడా తలుపులు తీసి "ఎవరండీ?" అంటున్నారు.

ఇలాంటి మనిషి ఉద్యోగం ఏమిటో తెలుసా? లిఫ్టు మెకానిక్కు. పైగా ఊళ్లోకెల్లా చాదస్తపు లిఫ్టు మెకానిక్కు. మేనకోడలు ఉద్యోగం చేసే రోజుల్లో ఆ విచిత్రం కళ్లారా చూసింది. వాళ్ల ఆఫీసు భవనంలో ఎనిమిది మంది పట్టే లిఫ్టుంది. మావయ్య దాన్ని బాగుచేసి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎనిమిది మంది ఎక్కాక తొమ్మిదో ఆయన కాలు పెట్టాడు.

"దిగండి," అన్నాడు మావయ్య.

"ఒక్కడినేగా!"

"ఒక్కరైనా సరే, దిగండి."

"ఏమయ్యా, నేనెవరో తెలుసా? ఈ బిల్డింగ్ ఓనర్ని!"

"అలాగాండీ? అయితే మెట్లు కూడా తమవే. వాడుకోండి."

ఓనరు ఆరు అంతస్తులూ నడిచే ఎక్కాడు. ఇంట్లో ఇస్త్రీపెట్టె చేత పొగలు కక్కించే మనిషి ఇక్కడ ఒక్క మనిషి బరువుకు ఒప్పుకోకపోవడం ఏమిటో మేనకోడలికి బోధపడలేదు. తిక్కలో ఇదో రకం కాబోలు అనుకుంది.

అయిదు నెలల కిందట ఆమె ఆ ఉద్యోగం మానేసి, గదుల నమూనాలను కంప్యూటర్లో బొమ్మకట్టి చూపించే పని సొంతంగా మొదలుపెట్టింది. మంచి కంప్యూటరు కొనుక్కుంది. అందులోని మదర్‌బోర్డు, అంటే మిగతా భాగాలన్నీ కూర్చునే పలక, చాలా ఘనమైనది. రంగురంగుల దీపాలు కూడా ఉన్నాయి దానికి. సరిగ్గా వారం తిరిగేసరికి మావయ్య కూడా కంప్యూటరు మొదలెట్టాడు. ఆయన బోర్డు ఎవరో తీసి పారేసిన టికెట్ కౌంటరు పెట్టెలోది. అరచేతికంటే కాస్త పెద్దది, అంతే. దానిమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఏనుగంతది. చంకనెక్కిన బిడ్డ తల్లికంటే పొడుగ్గా ఉన్నట్టుంది ఆ వాటం. కార్డు కిందికి వాలిపోకుండా పాత లిఫ్టు బటన్లు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి పోటు పెట్టాడు. పెట్టెకు మూత లేదు. మూత ఉండాల్సిన చోట టేబుల్ ఫ్యాను ఉంది.

"మావయ్యా, ఇంత చిన్న బోర్డుకు అంత కార్డేమిటి? పోనీ, దాని మానాన దాన్ని నడవనివ్వచ్చుగా?"

"కార్డు చేసినవాడు పద్ధెనిమిది వందల వేగం అని రాశాడమ్మా. వాడికి భయమెక్కువ. ఇంకొంచెం లాగుతుంది!"

రెండువేల నూటయాభైకి లాగాడు. తెర నల్లబడింది. ఇంట్లో ఫ్యూజు పోయింది. వంటింట్లోంచి "ఒరేయ్!" వినపడింది. మావయ్య ఏమాత్రం చలించకుండా పాత లిఫ్టు తనిఖీ రిజిస్టరు ఒకటి తెరిచి అందులో ఏదో రాసుకున్నాడు. అది మొదలు సెలవొస్తే చాలు, అదే తంతు. తెర నల్లబడడం, అక్క అరవడం, ఈయన రాసుకోవడం. ఎన్నిసార్లు ఓడిపోయాడో లెక్క పెట్టుకుంటున్నాడని మేనకోడలు నవ్వుకునేది.

ఆ నవ్వు ఒక గురువారం ఉదయం తొమ్మిదింటికి ఆగిపోయింది. పిల్లల గ్రంథాలయం ఒకటి కడుతున్నారు. ఎవరి నమూనా ఎంచుకోవాలో వారంలో తేలుస్తారు. సొంతంగా ఆమె పోటీపడిన మొదటి పని అది. గ్రంథాలయంలో నడుస్తున్నట్టు కనపడే చిన్న వీడియో ఆ సాయంత్రం అయిదు గంటలలోపు పంపాలి, నిమిషం దాటినా చూడమని ఖండితంగా రాశారు. సరిగ్గా అప్పుడు, ఆ రంగురంగుల దీపాల బోర్డు పుటుక్కుమని ఆరిపోయింది. బాగుచేసేవాడు ఫోన్లో అంతా విని, "మూడు రోజులు పడుతుంది మేడమ్," అన్నాడు.

ఇంకో దారి లేదు. ఫైళ్లున్న డిస్కు పట్టుకుని మావయ్య గదిలోకి వెళ్లింది. ఆయన చొక్కా వేసుకుంటున్నవాడల్లా విప్పి తగిలించి, పనికి సెలవు పెట్టేశాడు.

లెక్క వేశారు. పన్నెండు వందల బొమ్మలు గీయాలి. పదింటికి మొదలుపెడితే, మావయ్య గొప్పగా చెప్పుకునే రెండువేల నూరు వేగంతో మూడూ నలభైకి అయిపోతాయి. హమ్మయ్య అనుకుంది మేనకోడలు. మావయ్య మౌస్ పట్టుకుని వేగాన్ని కిందికి దించాడు. ఇంకా దించాడు. పద్ధెనిమిది వందల దగ్గర ఆపాడు.

"అదేంటి మావయ్యా! ఇలాగైతే నాలుగూ నలభై అవుతుంది!"

"అవనీ."

"ఇంకొంచెం పెంచు!"

"వద్దు."

"నువ్వేనా వద్దంటున్నది? పుట్టి బుద్ధెరిగాక నువ్వు ఇంకొంచెం అనని వస్తువుందా ఈ ఇంట్లో?"

"అప్పుడు వేరు. ఇవాళ ఇందులో మనిషి ఎక్కింది," అన్నాడు మావయ్య. ఆమెకు అర్థం కాలేదు, అడిగే ఓపికా లేదు.

రెండింటిదాకా గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. మావయ్య టీ తేవడానికి వంటింట్లోకి వెళ్లాడు. ఇంక ఉండబట్టలేక గబుక్కున మౌస్ అందుకుని వేగాన్ని రెండువేల నూరుకి తోసేసింది. బొమ్మలు చకచకా పడుతున్నాయి. ఒకటి, రెండు, పది. పదకొండోది సగంలో ఉండగా తెర నల్లబడింది.

మావయ్య రెండు గ్లాసులతో వచ్చి, తెర చూసి, మేనకోడలి మొహం చూశాడు. తిట్టలేదు. "అయినవన్నీ డిస్కులో భద్రంగా ఉంటాయిలే. పది నిమిషాలు చల్లారనిద్దాం. టీ తాగు," అని అట్టముక్కతో కార్డుకు విసరడం మొదలుపెట్టాడు.

ఆ పది నిమిషాలు ఎలా గడపాలో తెలియక ఆమె బల్ల మీది రిజిస్టరు తెరిచింది. లోపల మావయ్య గుండ్రటి చేతిరాత.

*2150. ఏడు నిమిషాలు. నలుపు. అక్క అరిచింది.*

*2100. ఎండలో నాలుగు నిమిషాలు, వానలో నలభై. నలుపు. అక్క అరిచింది.*

*1920. రెండు గంటలు. తెర మీద చుక్కలు. అక్క ఊళ్లో లేదు.*

*1860. తొమ్మిది గంటలు. ఏమీ కాలేదు. మళ్లీ మూడుసార్లు చూశాను. ఏమీ కాలేదు.*

దాని కింద రెండుసార్లు గీత గీసి రాసి ఉంది: *అమ్మాయికి ఎప్పుడైనా అవసరం పడితే – 1800.*

తేదీ చూసింది. రెండు నెలల కిందటిది.

"ఇదంతా నాకోసమా మావయ్యా?"

"నీ ఒక్కదానికోసమే అనుకోకు, నాకూ సరదాయే," అన్నాడు విసురుతూనే. "కొత్త లిఫ్టు పెట్టినప్పుడు ముందు ఇసుక బస్తాలు ఎక్కిస్తామమ్మా. ఎనిమిది మంది లిఫ్టులో పదిమంది బరువు వేసి తిప్పుతాం. ఎక్కడ మూలిగిందో రాసుకుంటాం. తర్వాతే మనుషులు. మనిషి ఎక్కాక ఇంకొంచెం అనే మాటే లేదు. నువ్వేమో ఒక్క కంప్యూటరు పెట్టుకుని ఒంటరిగా దిగావు పనిలోకి. అది ఆగితే ఎలా అని నాకు దిగులు."

ఆమె అట్టముక్క లాక్కుని తానే విసరసాగింది. మావయ్య మీద ఇంత ప్రేమ ఉందని ఆమెకే అప్పటిదాకా తెలియదు.

మళ్లీ పద్ధెనిమిది వందల మీదే నడిపితే, చివరి బొమ్మ నాలుగూ యాభై రెండుకి పడింది. అన్నీ కలిపి వీడియో చేసి పంపేసరికి నాలుగూ యాభై ఎనిమిది. అందినట్టు జవాబు వచ్చేదాకా ఇద్దరూ కుర్చీల అంచునే కూర్చున్నారు. జవాబు వచ్చింది. వారం తర్వాత ఆ పని కూడా ఆమెకే వచ్చింది. ఆ రోజు మాత్రం ఇద్దరూ కుర్చీల్లో వెనక్కి వాలి, తిరుగుతున్న ఫ్యాను కేసి చూస్తూ కూర్చున్నారు.

"డిస్కు తీసేసుకున్నావా?" అన్నాడు మావయ్య.

"తీసేసుకున్నాను."

"నీది ఏమీ లేదుగా ఇందులో?"

"ఏమీ లేదు. దిగిపోయాను."

మావయ్య వేళ్లు విరుచుకుని మౌస్ అందుకున్నాడు. పద్ధెనిమిది వందలు. రెండువేలు. రెండువేల నూటయాభై. అక్కడ ఆగి మేనకోడలి వైపు చూశాడు.

"ఇంకొంచెం లాగుతుంది మావయ్యా," అంది ఆమె.

టప్పుమంది. తెర, ఫ్యాను, ఇల్లంతా ఆగిపోయింది. వంటింట్లోంచి "ఒరేయ్!" అని కేక వచ్చింది.

మేనకోడలు రిజిస్టరు ముందుకు లాక్కుని, తేదీ వేసి, పొందిగ్గా రాసింది: *2200. పదకొండు సెకన్లు. నలుపు. అమ్మ అరిచింది.*