పంతులమ్మ బొంత

ఆ వీధిలో ఎవరి తాళంచెవి పోయినా పరుగెత్తుకొచ్చేది తాళాలాయన కొట్టుకే. కొట్టంటే పెద్ద ఆర్భాటమేమీ లేదు. అద్దె ఇంటి ముందుగదిలో ఒక బల్ల, చెవులు కోసే మిషను, గోడ నిండా మేకులకు వేలాడే తాళంచెవులు. వెనక గది మాత్రం కుక్కలది. దెబ్బలు తిన్న కుక్కల్ని చేరదీసే షెల్టరొకటి ఊళ్లో ఉంది. అక్కడి బోనుల్లో ఎంతకీ తేరుకోని మొండిఘటాల్ని డాక్టరమ్మ ఈయన దగ్గరికి పంపేది. నెలా రెణ్ణెల్లకు అవి తోకలూపుకుంటూ కొత్త ఇళ్లకు వెళ్లిపోయేవి.

"తాళం తెరిచినట్టే కుక్కనీ తెరిచేస్తాడండీ ఈయన!" అని జనం తెగ మెచ్చుకునేవాళ్లు. అది విని ఆయన భార్య మూతి తిప్పేది.

"ఆఁ, తెరిచాడు! పాఠం చెప్పేదొకళ్లు, పేరు కొట్టేసేదొకళ్లూను."

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. పాఠం చెప్పేది పంతులమ్మ. అంటే వాళ్లింట్లో పుట్టి పెరిగి, మూతి నెరిసి, ఒక కన్ను మసకబారిన ముసలి కుక్క. కొత్తది వచ్చి మూలన నక్కి వణుకుతుంటే పంతులమ్మ తన బొంత మీదికి చేరేది. దానివైపు చూసేది కాదు. వీపు అటు తిప్పి పడుకుని, ప్రపంచంలోని బాధ్యతలన్నీ తీరిపోయినట్టు ఒక నిట్టూర్పు విడిచి కునుకు తీసేది. కొత్తది గుర్రుమంటే ఆవులించేది. అంతే, అదే చదువు. కొన్నాళ్లకు ఆ మూలనున్న ప్రాణి మెల్లగా జరిగి జరిగి పంతులమ్మ వీపు మీద మూతి ఆనించేది. అక్కణ్ణించి తాళాలాయన చేతికి రావడం ఎంతసేపు!

అలాంటి ఇంటికి దొర వచ్చాడు. వచ్చీరాగానే మంచం కింద దూరి, గిన్నె కూడా అక్కడికే తెప్పించుకున్నాడని ఇల్లాలు పెట్టిన పేరది. పేరు గొప్పే గానీ బతుకు ఘోరం. ఎవడు బిగించాడో, వాడి చేతులు విరగా, మెడకు ఇనపతీగ ఉచ్చు. తీగ తీసేశారు, గాయం మిగిలింది.

"రోజూ కడిగి మందు రాయాలండీ. రోజూ మత్తిచ్చి ఆ పని చేస్తే దీని గుండె తట్టుకోదు. మీ చెయ్యి దాని మెడ మీద పడాలి, అదొక్కటే దారి. పడకపోతే మాత్రం కుళ్లి కుళ్లి చస్తుంది. అంతదాకా ఉంచను, నేనే ఇంజక్షన్ ఇచ్చి పంపించేస్తాను" అంది డాక్టరమ్మ.

పంతులమ్మ పనిలోకి దిగింది. వీపు తిప్పింది, నిట్టూర్చింది, ఆవులించింది. దొర ముక్కు మంచం కోడు దాటి బయటికి వచ్చింది. సరిగ్గా అప్పుడే, ఒక పొద్దున పంతులమ్మ లేవలేదు. రోగం కాదు, రొష్టు కాదు, వయసు అయిపోయింది. తాళాలాయన మిషను ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ రోజు కోసిన చెవులు ఏ తాళానికీ పట్టలేదు.

మర్నాడు దొర తనంతట తానే మంచం కిందనుంచి బయటికి వచ్చాడు. ఖాళీ బొంత మీదికెక్కి, నాలుగు మూలలూ వాసన చూసి, ముడుచుకుని పడుకున్నాడు. తాళాలాయనకు ఊపిరి తీసుకోవాలన్నా భయమేసింది. ఆ సాయంత్రం ఆయన వేలు దొర చెవి చివర వెంట్రుకలకు తగిలింది. దొర కదలలేదు. గుమ్మంలోంచి చూస్తున్న భార్య కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆనందం పట్టలేక డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

"భలే! రేపోమాపో మెడ దాకా వస్తుంది మీ చెయ్యి. చుట్టుపక్కల శుభ్రంగా ఉంచండి, పుండుకు పురుగు పడితే ఇక మన చేతుల్లో ఉండదు" అందావిడ.

ఆ 'శుభ్రంగా' అన్న మాట ఆయన బుర్రలో నాటుకుంది. దొర పెరట్లోకి వెళ్లగానే బొంత తీశాడు. ఎన్నేళ్లుగానో నీళ్లు చూడని బొంత. వేణ్ణీళ్లలో ఫినాయిల్ పోసి నానబెట్టి, చేతులు బొబ్బలెక్కేలా ఉతికి, ఎండలో ఆరేసి, పొడిగా పరిచాడు. మంచికే చేశాడు మహానుభావుడు! దొర వచ్చి ఈ అంచునుంచి ఆ అంచుదాకా వాసన చూశాడు. మళ్లీ చూశాడు. తర్వాత మంచం కిందికి వెళ్లిపోయాడు.

బజారునుంచి వచ్చిన భార్య ముక్కు ఎగబీల్చింది. "ఏమిటీ కంపు? బొంత గానీ ఉతికావా?"

"పుండుకు మంచిదని..."

"అయ్యో, నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ముసల్ది ఉన్నదంతా అందులోనే కదయ్యా!"

అప్పుడు తెలిసొచ్చింది ఆయనకు, చేసిన పనేమిటో. ఇక ఆ మనిషి కొట్టు మూసేసి నేలకు దిగాడు. మంచం పక్కన వీపు తిప్పి పడుకున్నాడు, నిట్టూర్చాడు, రాని ఆవులింతలు తెచ్చుకున్నాడు, కంచం కూడా నేల మీదే పెట్టుకుని తిన్నాడు. "ఇక తోకొక్కటే తక్కువ" అని ఎగతాళి చేసింది భార్య. గదిలో పుండు వాసన మొదలయ్యాక ఆవిడా ఎగతాళి మానేసింది. చెయ్యి చాపిన ప్రతిసారీ మంచం కింద పళ్లు మెరిసేవి. పోనుపోను దొర తిండి మానేశాడు.

డాక్టరమ్మ వచ్చింది. మంచం కిందికి వంగి చూసి లేచింది.

"ఆపేద్దామండీ, ఇంకా ఉంచితే పాపం. ఉచ్చుకర్ర తెచ్చాను, దాంతో బయటికి లాగుదాం."

"మళ్లీ మెడకు ఉచ్చా? వద్దమ్మా, మీకు దణ్ణం పెడతాను. నేను పట్టుకుంటాను."

"కరుస్తుందండీ!"

"కరవనివ్వండి."

బొంత పట్టుకుని బోర్లా పాకుతూ మంచం కిందికి దూరాడు. పక్కనే పరిచి, వీపు దొరవైపు తిప్పి పడుకున్నాడు. ఈసారి నిట్టూర్పు తెచ్చుకోనక్కర్లేకపోయింది. కాసేపటికి చొక్కా మీద వెచ్చగా ఏదో ఆనింది. మూతి. చెయ్యి మెల్లగా వెనక్కి పోనిచ్చి తల మీద వేశాడు. తర్వాత మెడ మీద. దొర గుర్రుమనలేదు.

"అమ్మా, చెయ్యి వేయనిచ్చిందమ్మా! మెడ మీదే ఉంది నా చెయ్యి! ఇక కడగొచ్చు కదా?"

డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. "లోపలిదాకా పోయిందండీ. ఒక వారం ముందైతే..." అని ఆగిపోయింది. "చెయ్యి అలాగే ఉంచండి. తియ్యకండి."

ఆయన తియ్యలేదు. సూది వెనక కాలికి దిగినప్పుడు కూడా దొర మూతి ఆయన వీపు మీదే ఉంది. తర్వాత అది బరువెక్కింది.

డాక్టరమ్మ దొరను తీసుకెళ్లాక భార్య ఆయన పక్కన చతికిలబడింది. "చివరికి నమ్మిందిలే నిన్ను" అంది.

"నమ్మిందో, కరిచే ఓపికే లేదో. ఎవర్నడగను?"

ఆవిడ కళ్లు తుడుచుకుని బొంత వైపు చెయ్యి చాపింది.

"ఉతకొద్దు" అన్నాడు.

"ఇంకెవరి కోసమయ్యా? ఇంకో కుక్కను పంపొద్దని ఇందాకే కదా డాక్టరమ్మకు చెప్పావు."

ఆయన బొంత ఒళ్లోకి లాక్కుని, ముఖం దాంట్లో పెట్టి గట్టిగా వాసన పీల్చాడు. పుండు వాసన వచ్చింది. దాని కింద ఫినాయిల్ వాసన. ఇంకో మూల పట్టుకుని పీల్చాడు, ఇంకో మూల. పంతులమ్మ ఎక్కడా లేదు.