వెదురు నేల మీద శుక్రవారం నీళ్లు

2022 వేసవి. ఎల్బీనగర్‌లో మేం ఫ్లోరింగ్ షాపు పెట్టి అప్పటికి పదేళ్లు దాటింది. మాది గుడివాడ వైపు. మావారు సైట్ల మీద తిరుగుతారు, కౌంటర్‌లో నేనుంటాను. నాకు నోరెక్కువని మావారే కాదు, వీధి వీధంతా అంటుంది. కాదని నేనూ అనను.

ఆ రోజు బడంగ్‌పేట్ నుంచి శ్రీనివాస్ కుటుంబం వచ్చింది. నల్గొండ దగ్గరి పల్లె వాళ్లది. ఇక్కడ ట్రావెల్స్ బళ్లు నడుపుకుంటూ కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. భార్య రజిత సైన్సు టీచరు. "పర్యావరణానికి మంచిగుండేది కావాలె మేడం" అందామె. వెదురు పలకలు చూపించాను. వెదురు కొట్టినా నాలుగైదేళ్లలో మళ్లీ పెరుగుతుంది, అందుకే కలప కన్నా మేలంటారు. కానీ దానికి నీళ్లు పడవు. గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి, అంతే. ఇదంతా మొగుడూపెళ్లాలకు పూసగుచ్చినట్టు చెప్పాను.

వాళ్లతో వచ్చిన శ్రీనివాస్ తల్లి ఎల్లమ్మ కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. పలకను చేత్తో నిమిరి, "మరి కడుగుడెట్ల బిడ్డా?" అని అడిగింది.

"అవన్నీ మీ కోడలికి చెప్పాను లెండమ్మా. మీరు టీ తాగండి, చల్లారిపోతుంది" అన్నాను.

వాళ్ల హాల్లో వెదురు పలకలే వేశాం. వానలు వెళ్లిపోయే రోజుల్లో శ్రీనివాస్ ఫోన్ చేశాడు. "ఏంది మేడం, డూప్లికేట్ మాల్ అంటగట్టిన్రా? హాలంత లేసింది!"

నా ఒంటికి కారం రాసినట్టయింది. ఆటో ఎక్కి వెళ్లాను. హాల్లో పలకల అంచులన్నీ పైకి లేచి ఉన్నాయి. దీన్ని మేం కప్పింగ్ అంటాం. పలకల సందుల్లోంచి నీళ్లు దిగితే అడుగు ఉబ్బి అంచులు లేస్తాయి. సోఫాలో వాళ్ల చుట్టాలున్నారు. వాళ్ల ముందు నా సరుకుని దొంగ సరుకంటాడా అన్న ఉక్రోషంతో గొంతు పెంచాను.

"మా మాల్‌కి ఏం రోగం లేదండీ! ఇక్కడెవరో బకెట్లతో నీళ్లు కుమ్మరించారు. ఎవరది?"

వంటింట్లోంచి ఎల్లమ్మ వచ్చింది.

"నేనే బిడ్డా. ఈల్లు డ్యూటీలకు పోయినంక శుక్రారం శుక్రారం కడుగుత. ఉత్తగ కూసోని తినబుద్ధి గాదు. గీ ఇంట్ల నాకున్న పని గదొక్కటే. తప్పయింది."

ఆమె నాకు చేతులు జోడించింది. "నిన్నెవరు కడుగుమన్నరమ్మా? ఉన్నకాడ ఉండరాదు?" అని కొడుకు చుట్టాల ముందే కసిరాడు. షాపులో నన్ను అడిగానని ఆమె ఒక్క మాటంటే చాలు, నా పని అయిపోయేది. అనలేదు. నాకప్పుడు గుర్తొచ్చాయి ఆ టీ, పలకను నిమిరిన ఆ చెయ్యి. తల కొట్టేసినట్టయింది. అంత వాగే నేను ఏదో గొణిగి బయటపడ్డాను. ఛీ, ఏం మనిషిని నేను అనుకుంటూ ఆటోలో కూర్చున్నాను గానీ, వెనక్కి వెళ్లి నిజం చెప్పడానికి ముఖం చెల్లలేదు.

ఇంటికెళ్లి మావారి దగ్గర ఏడ్చాను. "కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. వెళ్లి ఆ నలుగురి ముందే చెప్పు" అన్నారాయన.

మర్నాడు ఇద్దరం వెళ్లాం. చుట్టాలు వెళ్లిపోయారు. "తప్పు నాదండీ. మీ అమ్మగారు ఆ రోజే అడిగారు, నేను లెక్కచేయలేదు" అని శ్రీనివాస్‌తో, రజితతో చెప్పాను. హాల్లో పలకలు తీసేసి మా ఖర్చుతోనే తాండూరు బండలు వేయించాం. దగ్గర్లో దొరికే రాయి, ఎన్ని నీళ్లు పోసినా చెక్కుచెదరదు. రజితకూ నచ్చింది.

పని అయిన రోజు నేనే బకెట్ నింపి తెచ్చి హాల్లో పెట్టాను. "పెద్దమ్మా, ఇక నిక్షేపంగా కడుక్కోండి" అన్నాను.

ఆమె గోడ వారగా నిలబడి నవ్వింది. "వద్దు బిడ్డా. మల్ల ఏమన్న ఖరాబ్ జేస్త. నాకేం తెల్వదు."

ఇప్పుడు షాపుకి ఎవరొచ్చినా, రంగూ ధరా మాట్లాడకముందే "మీ ఇంట్లో నేల కడిగేదెవరండీ?" అని అడుగుతాను. పనమ్మాయైనా సరే, ఆ మనిషిని పిలిపించి, కూర్చోబెట్టి, పలక చేతికిచ్చి చెబుతాను. పోనీలే, పాఠం నేర్చుకున్నావు కదా అంటారు మావారు. నేర్చుకున్నాను, నిజమే. కానీ ఎల్లమ్మ ఇప్పటికీ శుక్రవారం బకెట్ ముట్టుకోవడం లేదని మొన్న రజిత చెప్పింది.