తెల్ల రుమాలు, ఎర్ర చుక్క

మా వీధి కాజిమిర్ వోయ్చిక్‌కి ఒకటే జబ్బు. ఎవరి కారైనా సరే, ఇంజను నడుస్తూ కనిపిస్తే బానెట్ ఎత్తి గేర్ బాక్స్ ఆయిల్ చూడకుండా ఉండలేడు.

డిట్రాయిట్‌లో గేర్ బాక్సులు చేసే కార్ఖానాలో ముప్పై ఏళ్లు పని చేసి రిటైరయ్యాడు. రిటైరైన వాళ్లు చేపలు పట్టుకుంటారు. మా కాజ్ డిప్‌స్టిక్‌లు పీకుతాడు, అదే, ఆయిల్ కొలిచే పుల్లలు. పీకి, తెల్ల రుమాలుకు తుడిచి, ఆ ఎర్ర ఆయిల్ చుక్కను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. పెళ్లాం కాచిన సూపును కూడా అంత భక్తిగా వాసన చూసి ఎరగడు.

"గులాబీ రంగుకొస్తే నీళ్లు చేరినట్టు. మాడు వాసనొస్తే గేర్ బాక్స్ కాలుతున్నట్టు," అంటాడు. ఎవరడిగారని?

మా చర్చి ఫాదర్ పోయినప్పుడు శవయాత్రకు పద్నాలుగు కార్లు ఇంజన్లు ఆపకుండా బారులు తీరాయి. ఇంకేం, కాజ్‌కి పండగే. ఒక్కో బానెట్ ఎత్తుకుంటూ వెళ్లి శవపేటిక ఉన్న కారు దగ్గర ఆగాడు.

"బాబాయ్, లోపల ఫాదరున్నాడు," అన్నాడు డ్రైవరు.

"ఆయనకి తొందర లేదులే. నీకే అర సీసా తక్కువుంది."

నేను కాజ్ పక్కింటివాణ్ణి, లెన్నీ నొవాక్‌ని. నడుం పట్టేసి ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాను. నా భార్య వాండా ఇరవై మైళ్ల అవతల ఒక బడి వంటశాలలో పని చేస్తుంది. మా పదకొండేళ్ల కారు ఆగిందంటే ఇంట్లో పొయ్యి ఆగినట్టే.

చలికాలంలో పొద్దున్నే వాండా కారు స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా వదిలేసి, లోపలికొచ్చి కాఫీ తాగుతుంది. ఆ పది నిమిషాలూ మా బానెట్ కాజ్ సొత్తు. కిటికీలోంచి చూస్తే, ఎత్తిన బానెట్, దాని కింద కాజ్ వెనకభాగం, అంతే కనిపించేవి.

"ఏం పెద్దాయనా, మా కారుకి జ్వరమా?" అని వెక్కిరించేవాణ్ణి.

"జలుబులే. కిటికీ వేసుకో, నీకూ పట్టుకుంటుంది."

నాలుగేళ్లుగా చుక్క ఆయిల్ పోయకుండా నడుస్తోందని బార్లో ఆ కారు గొప్పలు చెప్పుకునేవాణ్ణి. బండి మంచిదైతే పరీక్షలెందుకు?

జనవరిలో కాజ్ హెర్నియా ఆపరేషనుకు ఆసుపత్రిలో చేరాడు. "లెన్నీ, రోజూ చూడు. ఇంజను నడుస్తుండగానే చూడాలి," అని వెళ్తూ వెళ్తూ పాఠం చెప్పాడు. గడ్డకట్టే చలిలో, తెల్లారకుండా నిలబడడానికి నేనేమన్నా కాజ్‌నా? సాయంత్రం ఇంజను ఆపాక చూశాను. పుల్ల నిండుగా ఉంది. ఈ మాత్రానికి ముప్పై ఏళ్ల అనుభవం ఎందుకనుకున్నాను.

పదో రోజు వంతెన ఎక్కుతుంటే ఇంజను అరిచింది గానీ కారు కదల్లేదు. వాండా రెండు గంటలు ఆలస్యంగా పనికి చేరింది. ఇంకోసారి ఇలా అయితే రానక్కర్లేదన్నారట.

మెకానిక్ రిజో కారు కిందికి దూరి చూశాడు. "గేర్ బాక్స్ ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలు కారుతోంది. ఏళ్లనాటి సంగతిది. ఇన్నాళ్లూ ఆయిల్ పోస్తోందెవరు?"

"ఎవరూ పొయ్యలేదు. మొన్న నిండుగానే ఉంది."

"ఇంజను ఆపి చూశావా?"

"పొద్దున్నే చలి కదా," అన్నాను.

"ఆపితే పైనున్న ఆయిలంతా కిందికి దిగుతుంది. నిండుగా కాక ఎలా ఉంటుంది? కాజ్ పక్కింట్లో ఉంటూ ఇంత తెలీదా?"

ఇంటికొచ్చి వాండాని అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"ఆయన కోటు జేబులో సీసా ఎప్పుడూ చూళ్లేదా నువ్వు? ఆయిల్ పోస్తుంటే నేనొకసారి పట్టుకున్నాను. 'వాడికి చెప్పకమ్మా, పని లేక చిన్నబోయున్నాడు, కారు గురించైనా గొప్పలు చెప్పుకోనీ' అన్నాడు."

నాకు సిగ్గేసింది. నాలుగేళ్ల గొప్పలన్నీ ఆ సీసావేనన్నమాట.

రిజో సీలు మార్చాడు. మర్నాడు పొద్దున్నే చలిలో నిలబడి, ఇంజను నడుస్తుండగా, గేర్లన్నీ ఒకసారి తిప్పి, డిప్‌స్టిక్ పీకి మా పెళ్లినాటి తెల్ల రుమాలుకు తుడిచాను. కుట్లు చీము పట్టి కాజ్ ఇంకా ఆసుపత్రిలోనే ఉంటే, ఆ రుమాలు అక్కడికి పట్టుకెళ్లాను. కాజ్ పడుకునే వాసన చూసి కళ్లు మూసుకున్నాడు.

ఎర్ర మరక చూసి నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఎవరిదండీ ఆ రక్తం?"

"వీళ్ల కారుదమ్మా. కులాసాగానే ఉంది," అన్నాడు కాజ్. "ఇంతకీ నీ కారెక్కడ పెట్టావమ్మా?"

ఐదు నిమిషాల్లో ఆ పిల్ల తాళాలు నా చేతిలో ఉన్నాయి. కిందికి దిగి, ఇంజను వేడెక్కనిచ్చి, మంచులో బానెట్ ఎత్తాను.

అర సీసా తక్కువుంది.