డ్యాష్‌బోర్డులో పొడుగు గీత

ఉదయం ఆఫీసుకు వెళ్ళగానే నా మొదటి పని డ్యాష్‌బోర్డు తెరవడం. కాఫీ సంగతి తరవాత. డాబాగార్డెన్స్‌లో రెండో అంతస్తు మాది. కిటికీ తీస్తే బస్సుల హారన్లు, మూస్తే ఉక్క. ఆ గదిలో కూర్చుని, నిన్నంతా మా మిషను ఎంత మాట్లాడింది, దానికి ఎంత ఖర్చయింది అని గీతలు చూసి చెప్పడమే నా ఉద్యోగం. మా ఓనరు వయసులో నాకంటే బాగా చిన్న. నన్ను ‘అక్కా’ అంటాడు, నేను అతన్ని ‘సార్’ అంటాను. బిల్లు కట్టే కార్డు అతనిది, కంగారూ అతనిదే.

మేం ఒక ప్రైవేటు ఆస్పత్రికి చిన్న ఏర్పాటు చేసిపెట్టాం. ఐసీయూలో ఉన్న మనిషి ఎలా ఉన్నాడో తెలుసుకోవాలంటే, బయట కూర్చున్నవాళ్ళు ఒక నంబరుకు వాయిస్ మెసేజ్ పంపాలి. లోపల నర్సులు కంప్యూటర్లో కొట్టిన నాలుగు ముక్కలు చూసి, మిషను ఆడగొంతుతో చక్కటి తెలుగులో జవాబిస్తుంది. తలుపు దగ్గర తోపులాటలు, గార్డులతో గొడవలు తగ్గాయని ఆస్పత్రివాళ్ళు సంబరపడ్డారు. అయితే ఆ మిషను బుర్ర మాది కాదు. ఎక్కడో ఉన్న పెద్ద కంపెనీది. ఏపీఐ అనే దారిలో దాన్ని మేం అద్దెకు వాడుకుంటాం. అది విన్న ప్రతి మాటకీ, పలికిన ప్రతి మాటకీ ఆటో మీటరులా బిల్లు తిరుగుతూనే ఉంటుంది.

ఆ వానాకాలంలో ఒకరోజు డ్యాష్‌బోర్డులో ఒక్క నంబరు గీత మిగతావాటిని దాటి పైకి పోయింది. మర్నాడు ఇంకా పొడుగైంది. ఓనరు నా కుర్చీ వెనకాల నిలబడి తల పట్టుకున్నాడు.

“ఏటక్కా ఇది? ఎవడో పనీపాటా లేనోడు మన డబ్బుల్తో ఆటాడుకుంటన్నాడు. ఆ నంబరు కట్ చేసీ.”

“ఐసీయూ బయట కూర్చుని ఆటలాడే సరదా ఎవడికుంటుంది సార్? ముందు ఆ మెసేజీలు వినాలి కదా,” అన్నాను. నా నోరు మంచిది కాదని అతనికి తెలుసు.

“సరే, తొందరగా తేల్చు. లేకపోతే నానే లిమిట్ పెట్టీస్తాను,” అని విసురుగా వెళ్ళిపోయాడు.

ఇలా అనుమానం వచ్చినప్పుడు రికార్డింగులు వినడం నా పనిలో భాగమే. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

“అమ్మా, బాగున్నావా? అన్నం తిన్నావా?” అని మొదలుపెట్టింది ఒక ఆడమనిషి. ప్రతి మెసేజీ అలాగే మొదలు. “మా ఆయనకి ఓపాలి సెప్పమ్మా. కర్రావు ఈనినాది, పెయ్యి పుట్టినాదని సెప్పు. నాను కోపంలో అన్న మాట మనసులో ఎట్టుకోవద్దని సెప్పు. నీ పక్కనే కదా ఉన్నాడు, సెవిలో సెప్పు తల్లీ.”

“తప్పకుండా చెబుతానమ్మా. మీరు ధైర్యంగా ఉండండి,” అంది మిషను.

కాసేపటికి మళ్ళీ ఆమే. “సెప్పావా అమ్మా? ఏటన్నాడు?”

“చెప్పానమ్మా. ఆయన విశ్రాంతి తీసుకుంటున్నారు.”

“లేసాక మళ్ళీ సెప్పు. ఇన్నాడో లేదో.”

ఇదెక్కడి ఘోరం! దానికి మంచం తెలీదు, మనిషి తెలీదు, చెవి అంటే ఏమిటో తెలీదు. చెప్పానంటుందేమిటి? ఎందుకలా అందో మాత్రం నాకు తెలుసు. ఎవరేమడిగినా లేదు, కాదు అనొద్దు, మెత్తగా మాట్లాడు అని దానికి ఆదేశం రాసింది మా ఓనరే. ఆ మెత్తదనం అద్దెకు తెచ్చుకుని ఈ పిచ్చితల్లి మీద పారబోస్తున్నాం. ఆటో ఎక్కి ఆస్పత్రికి పోయాను.

బళ్ళ స్టాండు పక్కన రేకుల షెడ్డులో పేషెంట్ల తాలూకు జనం చాపలు పరుచుకుని ఉన్నారు. ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని మాట్లాడుతున్న మనిషిని గొంతుతోనే పోల్చుకున్నాను. ముప్ఫై దాటి ఉండవు. వాళ్ళది తగరపువలస అవతల పల్లె. భర్త అచ్యుతాపురంలో రసాయనాల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. వారమంతా అక్కడే గదిలో ఉండి, సెలవుకు ఇంటికొచ్చేవాడట. మొన్నటి సెలవుకు వచ్చినవాడు ఇక పనికి పోనని కూర్చున్నాడు. ఆమె పోట్లాడి పంపింది. తిరిగి పనిలోకి దిగిన రోజే ఫ్యాక్టరీలో మంటలు అంటుకున్నాయి.

“ఆ గేసు వాసనకి తల తిరిగిపోతంది, ఎల్లనే అన్నాడు మేడమ్‌గోరూ. ఇంట్లో కూకుంటే కూడొస్తాదేటి అన్నాను. సల్దన్నం కూడా తినకండా ఎలిపోనాడు. నానే తోలీసాను.” ఏడవలేదు. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. “ఆ మాట నాను మనస్ఫూర్తిగా అన్లేదని ఆయన సెవిన పడాల. ఎలిపోయీలోగా పడాల. నన్నా లోపలికి రానీరు. ఈ అమ్మ పున్నాత్మురాలు, ఎన్నిసార్లడిగినా ఇసుక్కోదు.”

“అక్కడ మనిషి లేరమ్మా,” అన్నాను. “అది మిషను. మా ఆఫీసుదే. లోపలికి వెళ్ళి చెప్పడం దానికి రాదు.”

ఆమె నావైపు జాలిగా చూసింది. “మిషనైతే ఇంత మరేదగా మాటాడతాదేటి? ఈ గేటుకాడ మనుసులే మాటాడరు.”

ఐసీయూ తలుపు దగ్గరకు పోయి బెల్లు కొట్టాను. వచ్చిన సిస్టర్‌కు అంతా చెప్పాను. భార్యను ఒక్క నిమిషం పంపమంటే, కాలిన కేసు, ఇన్ఫెక్షన్ వస్తుంది, కుదరదంది. “పోనీ ఆ రెండు మాటలూ మీరే ఆయన చెవిలో చెప్పండి సిస్టర్,” అని బతిమాలాను.

“మత్తులో ఉన్నారు మేడమ్, ఏం వినబడుతుంది? సరే, డ్రెస్సింగ్ అయ్యాక చెప్తాన్లెండి,” అంది. ముఖం మంచిగానే ఉంది. నమ్మాను.

ఆఫీసుకు తిరిగొచ్చేసరికి ఓనరు అన్నంత పనీ చేశాడు. ఒక్కో నంబరుకు రోజుకిన్ని మెసేజీలే అని లిమిట్ పెట్టేశాడు.

“మీకసలు బుద్ధుందా సార్?” అని అరిచాను. విన్నదంతా చెప్పాను.

అతని ముఖం వాడిపోయింది. “పాపం,” అన్నాడు. వెంటనే, “అయితే ఏటి సెయ్యమంటావక్కా? నీ జీతమూ ఆ కార్డులోంచే రావాల. కంపెనీ మూసీమంటావా?” అన్నాడు.

“లిమిట్ సంగతి వదిలెయ్యండి. చెబుతాను, చెప్పాను అనే మాటలు ఆ మిషను నోట రాకుండా చెయ్యండి. అదైనా చెయ్యండి.”

“ఆస్పత్రోళ్ళు ఒప్పుకోవాల. సోమవారం మీటింగులో అడుగుదాం.”

మర్నాడు డ్యాష్‌బోర్డు తెరిస్తే ఆ గీత మిగతా గీతలతో సమానంగా ఉంది. “సూసావా, దారికొచ్చింది,” అని ఓనరు నా టేబుల్ మీద కాఫీ పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కాఫీ ముట్టుకోకుండా లేచి మళ్ళీ ఆస్పత్రికి పోయాను.

ఆమె భర్త తెల్లవారుతుండగా పోయాడట. ఐసీయూ తలుపు దగ్గర వేరే సిస్టర్ ఉంది. నిన్నటి సిస్టర్ డ్యూటీ మారి వెళ్ళిపోయింది. ఆయన చెవిలో ఎవరైనా ఏమైనా చెప్పారా అని అడిగాను. “ఏం చెప్పాలి? నాకెవరూ ఏం చెప్పలేదే,” అందామె.

కింద అంబులెన్సు తలుపు తీసి ఉంది. ఊరివాళ్ళు నలుగురు శవాన్ని ఎక్కిస్తున్నారు. ఆమె నన్ను చూసి గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది.

“ఆ అమ్మని ఒక్కపాలి సూపించండి మేడమ్‌గోరూ. సెప్పానంది కదా. ఆయన ఏటన్నాడో అడిగీసి ఎలిపోతాను.”

నిన్న నిజం చెప్పి నేను ఉద్ధరించిందేమీ లేదు. ఇవాళ ఆ కళ్ళలోకి చూస్తూ మళ్ళీ అదే నిజం చెప్పే గుండె నాకు లేకపోయింది.

“ఆ అమ్మని నేనేనమ్మా,” అన్నాను. “చెప్పాను. విన్నాడు. తల ఊపాడు.”

ఆమె నా చెయ్యి వదిలేసి ముఖంలోకి చూసింది. “నీ గొంతు కాదది,” అంది. “ఆ గొంతు నాకు తెల్దేటి? నువ్వెందుకు అబద్ధమాడతన్నావు?”

పక్కకు తిరిగి ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుంది. “అమ్మా, అన్నం తిన్నావా? మా ఆయన ఏటన్నాడమ్మా?” తెల్లారినప్పటినుంచీ అడుగుతూనే ఉందని, సరైన జవాబు రాలేదని పక్కనున్న ముసలామె చెప్పింది. ఫోను మోగింది. అదే మెత్తటి గొంతు.

“ఈ రోజుకు మీ ప్రశ్నలు పూర్తయ్యాయి. దయచేసి రేపు అడగండి.”

“రేపు సెప్తాదంట,” అంది ఆమె అందరితో. ఫోను కొంగున ముడేసుకుని, అంబులెన్సు ఎక్కి ఆయన పక్కన కూర్చుంది.